కణముల తాఖీదులు

మరోదాలోని తెలుగువారి సభకై వ్రాసిన ప్రసంగ పాఠము



2021వ సంవత్సరము ఏప్రిల్ మాసములో దుర్గు జిల్లా పడిన బాధను ఈ సభలోనివారికి వర్ణించి చెప్పనక్కరలేదు. భిలాయి ఉక్కు కర్మాగారములో ప్రాణవాయువును తయారుచేయు యంత్రములను నెలకొల్పినది రోగుల కొరకు కాదు. కరగిన ఇనుములోనికి ఆ వాయువును ఊది, అందలి బొగ్గు పాలును దహించి, ఉక్కుగా మార్చుట వాటి ప్రయోజనము. ఆ మాసమున అచ్చటి ద్రవ ప్రాణవాయువు టాంకరులకెక్కి ఆసుపత్రుల దారి పట్టినది. ఏప్రిల్ 22 నుండి, కొన్ని మినహాయింపులు తప్ప, పరిశ్రమలకు ప్రాణవాయువు ఈయరాదని కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఉక్కునకు పోవలసిన ఊపిరి మనుష్యులకు పోయినది.

అయితే ఒక ప్రశ్న మిగిలినది. రోగులకు అంత ప్రాణవాయువు ఎందుకు కావలసి వచ్చినది? వైరసు ఊపిరితిత్తులను పాడుచేసినది గనుక అని సామాన్యముగా చెప్పుకొందురు. అది సగము సత్యము. తొలివారమున వైరసు విజృంభించును. జ్వరము, దగ్గు, ఒడలి నొప్పులు కలుగును. పెక్కుమంది అంతటితో కోలుకొనిరి. కొందరు మాత్రము రెండవ వారమున, వైరసు ప్రబలత తగ్గుముఖము పట్టిన తరువాత, ఊపిరాడక కూలిపోయిరి. ఆ రెండవ దెబ్బ తీసినది చాలవరకు రోగి సొంత రక్షకదళమే. శత్రువు వెనుదీయుచుండగా, యుద్ధము ఆపుడన్న ఆజ్ఞ అందక, ఆ దళము ఊపిరితిత్తులలోని సున్నితమైన గదులను నీటితోను, చచ్చిన కణములతోను నింపివేసినది.

ఆ దళమునకు ఆజ్ఞలిచ్చునది ఎవరు? అందుకొనునది ఎట్లు? ఆపునది ఏది? ఈ ప్రసంగమునకు విషయము ఇదే. ఇది వైద్యులు మాత్రమే తెలిసికొనవలసిన విద్య అని తోచవచ్చును. కాని భీమవరమున పుట్టిన ఒక తెలుగువాని పేరును, హైదరాబాదులో తయారైన కొన్ని మందుల పేర్లును ఈ కథలో అడుగడుగున తగులును. పైగా ఈ కథలోని ఒక మందు నేడు అనేక తెలుగు ఇండ్లలోని మందుల పెట్టెలో ఉన్నది.

రక్తములోని తెల్లకణములకు కన్నులు లేవు, చెవులు లేవు, సేనాపతియు లేడు. కాలివ్రేలికి తగిలిన ముల్లు వెంట క్రిములు ప్రవేశించినచో, అచ్చటనున్న కణము వాటిని గుర్తించి కొన్ని చిన్న ప్రోటీనులను చుట్టునున్న ద్రవములోనికి విడుచును. ఆ ప్రోటీనులే సైటోకైనులు. అవి క్రిములను తామై చంపవు. అవి తాఖీదులు మాత్రమే. "ఇటు రండు" అని ఒకటి, "సంఖ్య పెంచుడు" అని ఒకటి, "ఇక చాలును" అని మరియొకటి. కొన్ని తాఖీదులు వ్రాసిన కణమునకే తిరిగి చేరును. కొన్ని ప్రక్క కణమునకు చేరును. కొన్ని రక్తములో పడి దూరమునకు పోవును. జ్వరము అట్టి దూరపు తాఖీదు ఫలితమే. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 మొదలైనవి మెదడులోని ఉష్ణ నియామక స్థానమును కదలించి, దేహపు వేడిమిని పెంచునట్లు చేయును. జ్వరమే వ్యాధి అని భావించువారు ఈ సంగతి గమనింపదగును. జ్వరము దేహము తనకు తాను జారీచేసికొన్న ఉత్తరువు.

ఈ తాఖీదులలో మొదట బయటపడినవానిలో ఒకటి ఇంటర్‌ఫెరాను. 1957లో లండనులోని జాతీయ వైద్యపరిశోధన సంస్థలో ఐజాక్సు, లిండెన్‌మాన్ అను ఇద్దరు, కోడిగ్రుడ్డు పొరలపై వేడిచే నిర్జీవము చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరసును ఉంచి చూచిరి. ఆ పొరలు ఏదో ఒక పదార్థమును స్రవించినవి. ఆ పదార్థము తగిలిన క్రొత్త పొరలలో సజీవ వైరసు పెరుగలేకపోయినది. వైరసునకు అడ్డుపడునది గనుక దానికి ఆ పేరు పెట్టిరి. సైటోకైను అను సామాన్య నామము 1974లోను, ఇంటర్‌ల్యూకిన్ అను పేరు 1979లోను వాడుకలోనికి వచ్చినవి. తరువాత ఇంటర్‌ల్యూకిన్లకు వరుస సంఖ్యలు వేసికొనుచు పోయిరి. ఫైళ్ళకు నెంబర్లు వేయుట ప్రభుత్వ కార్యాలయములకే పరిమితమైన జాడ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

కార్యాలయములలో పనిచేయువారికి ఒక సంగతి విడమరచి చెప్పవలసిన పని లేదు. ఉత్తరువు మీద సంతకము పడినంతమాత్రమున పని జరుగదు. దానిని అందుకొను బల్ల ఒకటి ఉండవలెను. ఆ బల్లకు ఆ పని చేయు అధికారము ఉండవలెను. కణమునకు ఆ బల్ల గ్రాహకము. అది కణపు పైపొరను చీల్చుకొని సగము బయటను, సగము లోపలను ఉండు ప్రోటీను. సైటోకైను వచ్చి బయటి సగమున సరిగా అమరును. అమరినంతనే గ్రాహకపు ముక్కలు ఒకదానికొకటి దగ్గరగా చేరును. గ్రాహకము లేని కణము చుట్టును ఎన్ని సైటోకైనులు తేలుచున్నను దానికి చీమ కుట్టినట్లైనను ఉండదు. ఒకే సర్క్యులరు అందుకొని ఒక విభాగము ఒకవిధముగా, మరియొక విభాగము మరొకవిధముగా ప్రవర్తించుటయు ఇచ్చట కలదు. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయమునకు చేరినచో వాపును సూచించు ప్రోటీనులు పుట్టును. బీ-కణమునకు చేరినచో అది ప్రతిరక్షకములు తయారుచేయు దశకు ఎదుగును.

గ్రాహకము ఎంత గొప్ప నియామకుడో తెలియుటకు ఇంటర్‌ల్యూకిన్-2 చాలును. ఇది టీ-కణములను వృద్ధిచేయు తాఖీదు. దీని గ్రాహకమునకు ఆల్ఫా, బీటా, గామా అని మూడు ముక్కలు. బీటా, గామాలు మాత్రమే ఉన్న కణము ఈ తాఖీదును మందకొడిగా అందుకొనును. ఆల్ఫా కూడ చేరినచో పట్టు సుమారు నూరు రెట్లు పెరుగును. ఊరక తిరుగుచున్న టీ-కణమునకు ఆల్ఫా ముక్క ఉండదు. తనకు నియమితమైన శత్రువును చూచిన తరువాతనే అది ఆల్ఫాను పైపొరపై నిలుపుకొనును. అందువలన తాఖీదు బహిరంగముగానున్నను, ఆ సమయమున పనిగల కణములు మాత్రమే వృద్ధిపొందును, తక్కినవి కదలవు. ఇంత పొదుపైన పరిపాలన మానవులకు ఇంకను అలవడలేదు.

ఇంకొక విశేషము. ఆల్ఫా ముక్కను ఎల్లప్పుడును ధరించియుండు టీ-కణములు కొన్ని కలవని జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో చూపెను. అవి యుద్ధము చేయునవి కావు, యుద్ధము ఆపించునవి. అవి లేనిచో రక్షకదళము సొంత అవయవములపైననే పడును. ఒకే ఇంటర్‌ల్యూకిన్-2 పోరువానికి బలము, పోరు మాన్పువానికిని బలము. అది కొలదిగా ఉన్నపుడు, పట్టు ఎక్కువగల శాంతిదూతలకే ముందు చేరును. ఈ కణముల విషయమున చేసిన కృషికి సకగుచికిని, మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులకును 2025వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెలు బహుమానము లభించినది.

గామా ముక్క సంగతి మరింత దారుణము. అది ఇంటర్‌ల్యూకిన్-2నకే గాక 4, 7, 9, 15, 21 సంఖ్యలవానికి కూడ ఉమ్మడి బల్ల. అది లోపించి పుట్టిన మగశిశువునకు టీ-కణములే ఏర్పడవు. అమెరికాలో డేవిడ్ వెట్టర్ అను బాలుడు 1971లో పుట్టి, పండ్రెండేండ్లు ప్లాస్టిక్ బుడగలో పెరిగి, 1984లో మరణించెను. అట్టి వ్యాధికి మూలము ఈ ఒక్క గ్రాహక ఖండపు లోపమని 1993లో తేలినది. ఆ శిశువుల దేహమున తాఖీదులు ఉన్నవి. అందుకొనువాడు లేడు.

ఇక బల్లమీదకు వచ్చిన తాఖీదు లోపలి రికార్డు గదికి, అనగా కణ కేంద్రమునకు, ఎట్లు చేరును? సైటోకైను లోపలికి పోయి కబురు చెప్పదు. దాని పని గుమ్మమువరకే. గ్రాహకపు లోపలి తోకను అంటి జాక్ అను ఎంజైములు ఉండును. ఇవి నాలుగు విధములు. జేనసు రోమనుల ద్వారదేవత. ముందునకొక ముఖము, వెనుకకొక ముఖము గలవాడు. జనవరి మాసమునకు పేరు ఆయనవలననే వచ్చినది. ఈ ఎంజైమునకును ఒక్కదానివలెనే ఉండు రెండు భాగములున్నవి. ఒకటి పనిచేయును, రెండవది దానిని అదుపుచేయును. అందుచేత దీనికి ఆ దేవత పేరు పెట్టిరి. గ్రాహకపు ముక్కలు దగ్గరకు చేరినంతనే రెండు జాక్ ఎంజైములు ఎదురెదురుపడి, ఒకదానికొకటి ముద్ర వేసికొని, పిమ్మట గ్రాహకపు తోకపై ముద్రలు వేయును. ఆ ముద్రలను చూచి స్టాట్ అను ప్రోటీనులు వచ్చి వ్రాలును. వాటికిని ముద్ర పడును. ముద్రపడిన స్టాట్‌లు రెండేసి జతలై కణ కేంద్రమునకు పోయి, అచ్చట తగిన జన్యువులను తెరచును. ఇంతయు జరుగుటకు కొన్ని నిమిషములు చాలును. బంట్రోతు ఎచ్చటను కాఫీకి ఆగడు.

ఆ ముద్ర ఏమిటి? అది ఒక ఫాస్ఫేటు ముక్క. దానిని జాక్ ఎంజైము ఎచ్చటనుండి తెచ్చును? ఏటీపీ అను అణువునుండి. మూడు ఫాస్ఫేటులు తోకగాగల ఈ అణువు సకల జీవులకును శక్తి నాణెము. దీనిని 1929లో కనుగొన్నవారిలో ఒకడు మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణి వ్యాధిచే మరణించిరి. ఆయనయు ఆ వ్యాధిచే బాధపడెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువ శ్రేణి పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతికి వారిద్దరి పేర్లును నిలిచినవి. ఆ కొలబద్దతోనే కండరములను పరీక్షించుచు ఏటీపీని పట్టిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూసెను. ఆయనకు గ్రాహకములు తెలియవు, జాక్ ఎంజైములు తెలియవు. అప్పటికి ఇంటర్‌ఫెరాను పేరే పుట్టలేదు. కాని ఏ సైటోకైను తాఖీదు జాక్ గుమ్మము దాటవలసినను, ఆ ముద్రకు కావలసిన లక్క ఆయన పట్టిన అణువునుండియే వచ్చును.

తాఖీదు అమలైనది. ఇక దానిని రద్దుచేయుట ఎట్లు?

మరోదావారికి జలాశయము ఎదుటనే ఉన్నది. తాందులా కాలువనుండి వచ్చు నీటిని నిలువచేసి కర్మాగారమునకు ఇచ్చుట దాని పని. చెరువుకట్టలో తూము ఎంత ముఖ్యమో, అలుగు అంత ముఖ్యమని తెలుగు రైతు తరతరములుగా ఎరుగును. తూము తెరచుట ఎవరికైనను చేతనగును. వానకాలమున అలుగు పారని చెరువునకు గండి తప్పదు. దేహములోని అలుగులు ఒకటి రెండు కావు. స్టాట్‌లు తెరచు జన్యువులలోనే సాక్స్ అను ప్రోటీనులను పుట్టించునవి కలవు. అవి పుట్టగనే వెనుకకు వచ్చి జాక్ ఎంజైమును మూసివేయును. అనగా ప్రతి ఉత్తరువులోను దానిని రద్దుచేయు ఉత్తరువు కూడ ఇమిడియున్నది. ఈ సంగతి 1997లో ఆస్ట్రేలియా, జపాను దేశములలో బయటపడినది. మరియొక ఉపాయము దొంగ గ్రాహకము. ఇంటర్‌ల్యూకిన్-1నకు రెండు గ్రాహకములు కలవు. వానిలో రెండవదానికి లోపలి తోక దాదాపు లేనేలేదు. అది తాఖీదును పట్టుకొనును గాని లోపలికి కబురంపదు. అసలు బల్ల మీద ఏమియు చేయక కూర్చుండు నకిలీ తాఖీదు కూడ దేహమే తయారుచేయును. వీనికితోడు ఇంటర్‌ల్యూకిన్-10 మొదలైన శాంతి తాఖీదులు వేరుగా కలవు. పని ప్రారంభించుటకు ఎన్ని ఏర్పాటులో, ముగించుటకు ఇంచుమించు అన్ని ఏర్పాటులు.

ఈ అలుగులను మించి నీరు వచ్చినచో ఏమగునో 2006 మార్చి 13న లండనులోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ప్రపంచము చూచినది. టీ-కణముల పైనుండు సీడీ-28 అను గ్రాహకమును నేరుగా నొక్కు ఒక క్రొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు పరీక్షార్థము ఎక్కించిరి. అది జంతువులలో అపాయము చేయలేదు. ఈ యువకులకో, గంటన్నర గడువకముందే తలనొప్పి, వణకు, జ్వరము మొదలైనవి. ఒక దినములో ఊపిరితిత్తులు, మూత్రపిండములు దెబ్బతిన్నవి. వారి రక్తములో క్రిమి ఒక్కటియు లేదు. ఉన్నది తాఖీదుల వెల్లువ. దీనినే సైటోకైను తుపాను అందురు. అదృష్టవశమున ఆరుగురును బ్రతికిరి. శత్రువు లేకుండ యుద్ధము మాత్రమే మనిషిని ఎంతవరకు తీసికొనిపోగలదో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

తుపాను వంటిది కాక, ఏండ్ల తరబడి సాగు సన్నని జల్లు మరియొకటి కలదు. కీళ్ళవాతములలో రుమటాయిడ్ అనునది అట్టిది. కీళ్ళలో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 తాఖీదులు ఆగక వెలువడి ఎముకను కొరికివేయును. జపానులో కిషిమోటో అను ఆచార్యుడు 1986లో ఇంటర్‌ల్యూకిన్-6ను, 1988లో దాని గ్రాహకమును గుర్తించి, ఆ గ్రాహకమును కప్పివేయు టోసిలిజుమాబ్ అను మందునకు దారి వేసెను. 2008లో జపానులో అది కీళ్ళ వ్యాధికి అనుమతి పొందినది. కోవిడ్ వచ్చిన పిమ్మట దీనిపేరు మన పత్రికలలో దినదినమును కనబడినది. దొరకక రోగి బంధువులు నగరములు తిరిగిరి.

కోవిడ్ నేర్పిన పాఠము ఇంకను సూక్ష్మమైనది. తాఖీదులు ఎక్కువగుట మాత్రమే కీడు కాదు. తొలి తాఖీదు అందకపోవుటయు కీడే. విషమస్థితిలోనున్న 987 మంది రోగులను 2020లో పరీక్షింపగా, 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరానులనే పట్టి వ్యర్థముచేయు ప్రతిరక్షకములు కనబడినవి. వారిలో 95 మంది పురుషులు. వైరసు వచ్చిన తొలి దినములలో కేకవేయవలసిన కావలివాని గొంతు నొక్కబడినది. వైరసు అడ్డులేక పెరిగినది. తరువాత మేలుకొన్న దళము హద్దుమీరి విరుచుకుపడినది. మరి రోగమునకు ఇంటర్‌ఫెరానునే ఇచ్చినచో? ఆసుపత్రిలో చేరినవారికి అది మేలు చేయలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ జరిపించిన పరీక్ష తేల్చినది. అప్పటికి ఆ తాఖీదునకు కాలము మించిపోయినది.

బ్రిటనులో జరిగిన రికవరీ అను మహాపరీక్ష ఈ కాలనిర్ణయమును అంకెలలో చూపినది. డెక్సామెథసోను పాత మందు, చౌక మందు; అనేక తాఖీదులను ఒక్కమారుగా అణచును. కృత్రిమ శ్వాసయంత్రము మీదనున్నవారిలో ఈ మందు పొందినవారు నూటికి 29 మంది, పొందనివారు 41 మంది చొప్పున ఇరువది ఎనిమిది దినములలోగా మరణించిరి. ప్రాణవాయువు మాత్రము పొందుచున్నవారిలో 23కు 26. ప్రాణవాయువు అవసరములేని రోగులలోనో, మందు పొందినవారే ఎక్కువగా, నూటికి 18 చొప్పున మరణించిరి, పొందనివారు 14. ఈ కడపటి తేడా యాదృచ్ఛికమే కావచ్చును గాని, మేలు మాత్రము ఏమియు లేదని తేలినది. అదే మందు, అదే వ్యాధి. ప్రాణవాయువు కావలసివచ్చిన క్షణము గీత. గీతకు ఆవల మందు ఔషధము. ఈవల అది కావలివాని నోరు కట్టుట. భిలాయినుండి టాంకరులలో పోయిన ఆ వాయువు ఊపిరి నిలుపుటయే గాక, ఏ రోగికి ఏ మందు ఈయవలెనో చెప్పు కొలబద్దయు అయినది.

ఆ గీతను మన దేశమున ఎందరో పాటింపలేదు. జ్వరము వచ్చిన రెండవనాడే ఇంటిలో స్టెరాయిడు మాత్రలు మ్రింగినవారు ఉండిరి. మధుమేహముగల వారికి అది రెండు విధముల చేటు. రక్తములో చక్కెర పెరిగినది, రక్షణ తగ్గినది. 2021 మే మాసములో నల్లబూజు వ్యాధి దేశమంతట వ్యాపించి, కండ్లను, దవడలను హరించుటకు ఇది ఒక ముఖ్యకారణము. "రోగనిరోధకశక్తిని పెంచును" అను ప్రకటనతో ఆ రోజులలో అమ్ముడుపోయిన పొడులు, కషాయములు, గుళికలు ఇన్ని అన్ని కావు. ఏ తాఖీదును పెంచును, ఏ కణములో, ఎంతకాలము అని ఒక్కరును అడుగలేదు. నార్త్‌విక్ పార్కులోని ఆరుగురికి పెరిగినదియు ఆ శక్తియే.

జాక్ ఎంజైము దగ్గర తాఖీదును ఆపు మందులలో ఒకటి బారిసిటినిబ్. ఏటీపీ అణువు ఎచ్చట కూర్చుండవలెనో సరిగా ఆ గుంటలోనే ఇది కూర్చుండును. సుబ్బారావు పట్టిన అణువునకు చోటు దొరకదు, ముద్ర పడదు, స్టాట్ కదలదు. ఇది కీళ్ళ వ్యాధికి పుట్టిన మందు. రికవరీ పరీక్షలో ఎనిమిదివేలకు పైగా రోగులపై చూడగా, ఈ మందు పొందినవారిలో నూటికి 12, పొందనివారిలో 14 మరణములు. తేడా స్వల్పమని తోచును. ఆ రోగులలో అధిక సంఖ్యాకులు స్టెరాయిడులు కూడ పొందుచున్నవారే. ఆ మేలుపై ఇది అదనపు మేలు. సూది అక్కరలేదు, మాత్ర చాలును.

కాని ఈ మందుపై ఒక అమెరికా సంస్థకు పేటెంటు కలదు. 2021లో మాత్ర వెల మూడువేల రూపాయలకు మించియుండెను. 2021 మే తొలివారమున హైదరాబాదులోని నాట్కో సంస్థ అత్యవసర వినియోగమునకు అనుమతి పొంది, పేటెంటు చట్టములోని 92వ సెక్షను క్రింద నిర్బంధ లైసెన్సునకు దరఖాస్తు పెట్టినది. మాత్రను 30 రూపాయలకు ఈయగలనని చెప్పినది. ఇదే సంస్థ 2012లో సొరాఫెనిబ్ అను కాన్సరు మందునకు దేశములో తొలి నిర్బంధ లైసెన్సు పొంది, నెలకు 2,80,000 రూపాయల మందును 8,880 రూపాయలకు ఇచ్చినది. ఆ సంగతి అమెరికా సంస్థ మరువలేదు కాబోలు. కొలది దినములలోనే అది రాయల్టీ అడుగకుండ పెక్కు భారతీయ సంస్థలకు స్వచ్ఛందముగా లైసెన్సులిచ్చినది. హైదరాబాదు సంస్థలైన నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎం.ఎస్.ఎన్. వారిలోనివి. దరఖాస్తు ఉపసంహరింపబడినది. సెక్షను వాడవలసిన పని పడలేదు. అది చట్టములో ఉండుటయే పనిచేసినది. కలము పట్టి సెక్షనులు వ్రాయువారి శ్రమ అప్పుడప్పుడు మనుష్యుల ఊపిరితిత్తుల దాక పోవునని చెప్పుటకు ఇది ఒక ఉదాహరణము. హైదరాబాదులోని హెటెరో సంస్థ తయారుచేసిన టోసిలిజుమాబ్‌నకు మాత్రము 2021 సెప్టెంబరులో గాని అనుమతి రాలేదు. అప్పటికి రెండవ వెల్లువ తగ్గిపోయినది.

కోవిడ్ వెనుకబడినది గాని ఈ మందులు వెనుకబడలేదు. రుమటాయిడ్ కీళ్ళవాతము, సొరియాసిస్ వంటి వ్యాధులకు నేడు వీనిని వాడుచున్నారు. తాఖీదును ఆపు మందు పుచ్చుకొనువారు ఒక సంగతి తెలిసికొని తీరవలెను. క్షయక్రిమి దేహములో ఏండ్ల తరబడి నిద్రించియుండవచ్చును. తెల్లకణములు దానిచుట్టును గోడకట్టి బంధించును. ఆ గోడను నిలుపు తాఖీదు టీఎన్‌ఎఫ్. ఆ తాఖీదును అడ్డు మందు మొదలిడిన కొన్ని వారములలోనే గోడ కూలి క్షయ బయల్పడిన రోగుల వృత్తాంతములు 2001లోనే ప్రకటింపబడినవి. మన దేశములో నిద్రించు క్షయ అరుదైనది కాదు. కనుక టీఎన్‌ఎఫ్‌ను గాని, జాక్‌ను గాని అడ్డు మందు మొదలుపెట్టుటకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుమని, క్షయ పరీక్ష చేయించుమని వైద్యుడు చెప్పినపుడు, "కీళ్ళనొప్పికి ఊపిరితిత్తుల ఫోటో ఎందుకు" అని విసుగుకొనరాదు.

అన్నింటికంటె ఎక్కువ ఇండ్లలోనున్న మందు మెథోట్రెక్సేటు. 1940లో సుబ్బారావు లెడర్లే పరిశోధనాలయములో చేరెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి మందు వెదకుచు, ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. తరువాత ఆ ఆమ్లమునకు పోలికగా కనబడి దాని పనిని చెడగొట్టు అణువులను తయారుచేసినది. వానిలో ఒకదానిని బోస్టనులో ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూచెను. దాని తోబుట్టువే మెథోట్రెక్సేటు. కాన్సరునకు ఇచ్చు మోతాదులో అది కణములను చంపును. అందులో అతి స్వల్పభాగము కీళ్ళవ్యాధికి ఇచ్చినచో, తెల్లకణముల కోపమును చల్లార్చు అడినోసిను అను పదార్థమును కీళ్ళలో పోగుచేయును. అడినోసిను మరేమియు కాదు. మూడు ఫాస్ఫేటులును ఊడిన ఏటీపీ. అమెరికాలో 1988లో కీళ్ళవ్యాధికి దీనికి అనుమతి లభించినది. నేటికిని ఆ వ్యాధికి వైద్యుడు మొదట వ్రాయునది సాధారణముగా ఇదే. వెల కొలది రూపాయలు.

ఈ మాత్ర కీళ్ళవ్యాధికి వారమునకు ఒక్కసారి పుచ్చుకొనునది. దినమునకు ఒక్కసారి కాదు. తక్కిన మాత్రలన్నియు దినదినమును మ్రింగు అలవాటున దీనిని కూడ అట్లే మ్రింగి, నోరు పుండ్లుపడి, తెల్లకణములు పడిపోయి, ప్రాణములమీదికి తెచ్చుకొన్నవారి వృత్తాంతములు అన్ని దేశముల వైద్య పత్రికలలోను కలవు. కన్నుచూపు తగ్గిన తాతగారికి, చీటీలోని ఇంగ్లీషు చదువలేని అమ్మమ్మగారికి ఈ అపాయము ఎక్కువ. వైద్యునిచేత వారము పేరు చీటీపై వ్రాయించుకొని, అదే పేరును ఇంటివారు తెలుగులో మాత్రల అట్టపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. "ఆదివారము మాత్రమే" అని గాని, "బుధవారము మాత్రమే" అని గాని. ఆ మాత్రవలన కలుగు బాధలు తగ్గుటకు వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ ఇత్తురు. దానిని సాధారణముగా వేరొక దినమున పుచ్చుకొనుమందురు. ఈ రెండు మాత్రలకును మూలము సుబ్బారావు నడిపిన ఆ ఒక్క పరిశోధనాలయమే.